మంచె మీద ఇద్దరు

'షికారు' అనే మాట మన తెలుగులోకి వచ్చి చాలాకాలమైంది. పారసీలో దానికి అర్థం వేట. మన దగ్గరకు వచ్చేసరికి అది సాయంకాలం చల్లగాలికి తిరిగి రావడమైపోయింది. చెరువు గట్టు మీద షికారు, టాంగాలో షికారు, కొత్త దంపతుల షికారు! మాట ఎందుకింత మెత్తబడిందా అని ఆలోచిస్తే నాకొకటి తోచింది. ఆ మాటను మన ఊళ్ళకు తెచ్చిన దొరలకు వేట నిజంగానే వాహ్యాళి. వెనక గుడారాలు, వంటవాళ్ళు, గుర్రాలు, ఏనుగులు. ముందు డప్పులు, కేకలు. ఆ ఏర్పాట్లలో పులి కూడా ఒకటి.

వేటగాళ్ళలో పేరున్నవాళ్ళూ, పేరులేనివాళ్ళూ అని రెండు తెగలున్నాయి. పేరున్నవాళ్ళను గురించి మనకు బోలెడు తెలుసు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ముప్పైకి పైగా పులులను కొట్టాడనీ, అందుకే జనం ఆయనను 'తీస్ మార్ ఖాన్' అన్నారనీ చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ బిరుదును మనం ఎవరికి తగిలిస్తున్నామో నేను చెప్పనక్కరలేదు. ఏమీ చేయకుండానే అన్నీ చేశానని చెప్పుకునే ప్రతివాడూ తీస్ మార్ ఖానే. బిరుదులకూ కాలం చెల్లుతుంది కాబోలు.

నిజాం కొలువులో లాలా దీన్ దయాళ్ అనే గొప్ప ఛాయాచిత్రకారుడుండేవాడు. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు హైదరాబాదు రాజ్యంలో వేటకు వచ్చినప్పుడు తీసిన ఫోటో ఒకటి లోకమంతా తిరిగింది. కర్జన్ దొర నిలబడి వున్నాడు, పక్కన దొరసాని, కాళ్ళ దగ్గర చచ్చిన పులి. చక్కటి ఫోటో. అయితే ఎన్నిసార్లు చూసినా నాకు అందులో లేనివాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు.

పెద్దవాళ్ళ పులివేట ఎలా జరిగేదో కాస్త చెప్పుకుందాం. పులి ఏ వాగులో నీళ్ళు తాగుతున్నదో ముందుగా ఊరివాడు కనిపెట్టి కబురు చెప్పాలి. ఎరకు దూడ కావాలి, అది ఊరివాడి దొడ్డిలోంచే రావాలి. చెట్టుకు మంచె కట్టాలి, కట్టేది ఊరివాళ్ళే. ఆ తరువాత అసలు పని. పదులూ వందలూ మనుషులు అడవిలో ఒక పక్కనుంచి బారులు తీరి, డప్పులు కొడుతూ, డబ్బాలు మోగిస్తూ, కేకలు వేస్తూ పులిని మంచె వైపుకు తోలుకు రావాలి. దీన్ని హాంకా అనేవారు. తోలేవాళ్ళ చేతుల్లో తుపాకులుండవు. పులి ముందుకు పోక వెనక్కు తిరిగిందా, ముందుగా దొరికేది వాళ్ళే. మంచె మీది దొరకు మాత్రం గురి తప్పితే పరువు పోవడం తప్ప ఇంకే ప్రమాదమూ లేదు. వెట్టిచాకిరీ సాగిన ఆ రోజుల్లో కూలి ఎంత అని అడిగే ధైర్యం ఎవరికుంది?

ఇంతమంది తోలితే ఒకరు కొట్టారు. ఆ ఒకరే ఫోటోలోకి వచ్చారు.

అడవినే నమ్ముకొని బతికిన వేటగాళ్ళ గతి మరీ విచిత్రం. ఎరుకలవారు, పారధీలు, చెంచులు, ఇంకా ఎందరో తరతరాలుగా ఉచ్చులు, వలలు, కుక్కలు పెట్టుకొని కుందేలునో కౌజునో పట్టి కడుపు నింపుకున్నవాళ్ళే. వాళ్ళ ఇళ్ళల్లో గోడకు తగిలించిన పులితల ఒక్కటీ వుండదు. సరే, గోడలుంటే గదా! 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టమని ఒకటి చేసింది. ఎరుకలవారు, పారధీలు వంటి వాళ్ళు పుట్టుకతోనే నేరస్థులని దాని కింద పలుచోట్ల రాసుకున్నారు. ఆ ముద్ర 1952 దాకా చెరగలేదు. అదే అడవిలో సరదాకు వేటాడినవాడు వీరుడు. ఆకలికి వేటాడినవాడు దొంగ.

ఇదంతా నాకు గుర్తుకొచ్చింది పుస్తకాల మధ్య కాదు. బోధన్ దగ్గర ఒక మక్కచేనులో, మంచె మీద, అర్ధరాత్రి వేళ.

నిజామాబాదు నుంచి బోధన్ వెళ్ళే దారిలో ఒకప్పుడు ఎటు చూసినా చెరుకే. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో నిజాంసాగరు పూర్తి చేశారు. ఆ కాలువ నీళ్ళు పారి మెట్ట నేలలు మాగాణులయ్యాయి. 1937లో బోధన్ శివారులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ పుట్టిన ఊరికి శక్కర్‌నగర్ అనే పేరు వచ్చింది. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని ఇక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకునేవాళ్ళు. చెరుకు బండ్లు రాత్రీ పగలూ బారులు తీరి నిలబడేవి. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతబడింది. ఆ చుట్టుపట్ల చెరుకు చాలా తగ్గింది. వున్న కాస్తా దూరపు ఫ్యాక్టరీలకు పోతుంది. మిగతా పొలాల్లో వరి, మక్క, సోయా.

చెరుకు తగ్గినా, చెరుకులో కాపురముండేవి తగ్గలేదు. అడవిపందికి చెరుకుతోటను మించిన ఇల్లు లేదు. మనిషి కంటే ఎత్తు, పగలు కూడా చీకటి, కాళ్ళ కింద తడి, నోటి దగ్గర తీపి. పగలంతా అందులో పడుకొని, రాత్రి పక్కనున్న మక్కలోకి విందుకు బయలుదేరుతుంది. తిన్నదానికంటే తొక్కిందీ విరిచిందీ ఎక్కువ. ఒక మంద ఒక్క రాత్రి దిగితే తెల్లవారేసరికి చేను కాదు, చదును చేసిన కళ్ళం.

నేను వెళ్ళింది భాద్రపదంలో. కంకి పాలుపోసుకునే రోజులు. ఒక ముసలాయన మంచె మీద కావలి వున్నాడు. డెబ్బై ఏళ్ళు దాటి వుంటాయి.

"రా బిడ్డా, పైకి రా. మూడో మెట్టు ఇరిగింది, సూస్కో" అన్నాడు.

నాలుగు గుంజలు, పైన తట్టి, ఆ పైన ఎరువుల సంచులు కలిపి కుట్టిన కప్పు. ఒక టార్చి లైటు, రేకు డబ్బా, ఒక కర్ర. చేను చుట్టూ పాత చీరెలు కట్టారు. ఎర్రవి, పచ్చవి, పూలవి; ఇంట్లో ఆడవాళ్ళ ఇరవై ఏళ్ళ చరిత్ర అంతా గట్టు మీద వున్నది. చీరె గాలికి కదిలితే మనిషి అనుకొని పంది బెదురుతుందట. మంగలి దుకాణం నుంచి జుట్టు తెచ్చి గట్ల వెంట చల్లారు. మనిషి వాసన తగిలితే రావట. అన్నిటికంటే కొత్తది ఒక చిన్న మైకు. ముసలాయన కొడుకు తండ్రి కేకల్ని అందులోకి ఎక్కించి పెట్టాడు. "హో... హో... ఓయ్!" అని రాత్రంతా అదే అరుస్తుంది.

"మంచి ఉపాయమే గదా తాతా" అన్నాను.

"రెండొద్దులు భయపడ్డయి బిడ్డా. మూడోనాడు నా గొంతు ఇనుకుంటనే మక్క దిన్నయి."

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. కానీ ఆయన నవ్వు త్వరగా ఆగిపోయింది.

మంచె అనగానే మన వాళ్ళందరికీ ఒక కథ జ్ఞాపకం వస్తుంది. ఒక బ్రాహ్మణుడు చేనుకు కావలి కాస్తూ మంచె ఎక్కినంతసేపూ, దారిన పోయేవాళ్ళను పిలిచి "కంకులు కోసుకోండి, కడుపారా తినండి" అంటాడు. దిగగానే "దొంగలు పడ్డారు, నా చేను పోయింది" అని గుండెలు బాదుకుంటాడు. భోజరాజు ఆశ్చర్యపోయి ఆ చోటు తవ్వించగా విక్రమార్కుడి సింహాసనం బయటపడుతుంది. ఆ సింహాసనం మహిమ వల్ల మంచె ఎక్కినవాడికి దాతృత్వం పుట్టుకొచ్చిందన్నమాట. ఆ సింహాసనపు కథలను 'సింహాసన ద్వాత్రింశిక' పేర తెలుగు చేసిన కొరవి గోపరాజు ఈ జిల్లా భీమ్‌గల్ ప్రాంతపువాడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. అంటే మంచె కథ ఇక్కడివాళ్ళకు ఇంటి కథ.

అయితే దొరలు ఎక్కిన మంచెల కింద సింహాసనాలు లేవనుకుంటాను. దిగి వున్నప్పుడు ఎంతో మర్యాదగల మనిషి, మంచె ఎక్కితే చంపడం తప్ప వేరే ఆలోచన లేనివాడైపోయేవాడు. ఈ ముసలాయన మంచె మీద వున్నా, దిగినా ఒకటే ఆలోచన: తెల్లవారేదాకా చేను నిలవాలి. హిందీలో మచాన్ అన్నా, తెలుగులో మంచె అన్నా మాట ఒక్కటే. ఎక్కేవాళ్ళే వేరు. ఒకరు జంతువు రావాలని ఎక్కుతారు. ఇంకొకరు రాకూడదని ఎక్కుతారు.

ఈ ఇద్దరికీ చుట్టరికం లేదనుకుంటే పొరపాటు. అడవిపంది ఒక్క ఈతలో నాలుగైదు పిల్లల్ని, ఒక్కొక్కసారి అంతకు మించి పెడుతుంది. ఆ సంతతిని అదుపులో పెట్టే పని ప్రకృతి ఎవరికి అప్పగించింది? పులికి, చిరుతకు, రేసుకుక్కలకు. ఆ పులిని దొరలు తమ ఫోటోల కోసం కొట్టారు. మిగిలిన అడవిని మనమే నరికాం. అడవికీ చేనుకూ మధ్య కాపలావున్న పులి పోయింది, పంది మిగిలింది. ఆనాటి మంచె మీది తూటాకు ఈనాటి మంచె మీది ముసలాయన రాత్రిళ్ళు నిద్ర కాచి బాకీ తీరుస్తున్నాడు. పులిని కొట్టిన పేరు ఒకరిది. పులి లేని లోటు ఇంకొకరిది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మంచి చట్టమే. అది లేకపోతే ఈపాటికి పులిని బొమ్మల్లోనే చూసేవాళ్ళం. ఆ చట్టంలో వేట అంటే ఏమిటో వివరంగా రాశారు. చంపడం ఒక్కటే కాదు. పట్టడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, ఆఖరికి తోలడం కూడా వేటే. చదివి నేను కాసేపు ఆలోచనలో పడ్డాను. హాంకా తోలిన మనిషిని వందేళ్ళపాటు వేటగాడని ఎవరూ అనలేదు. ఫోటోలో చోటివ్వలేదు. చట్టం వచ్చాక మాత్రం అతనికీ వేటగాడనే పేరు దక్కింది, శిక్షతో సహా!

పేరున్నవాళ్ళకు ఈ చట్టం ఎలా తగిలిందో చూశాం. 1998లో జోధ్‌పూరు దగ్గర కంకాణీ గ్రామంలో కృష్ణజింకలను వేటాడిన కేసులో సినిమా నటుడు సల్మాన్ ఖాన్‌కు 2018 ఏప్రిల్ 5న కోర్టు అయిదేళ్ళ శిక్ష వేసింది. నేరానికీ తీర్పుకూ మధ్య ఇరవై ఏళ్ళు. జైల్లో రెండు రాత్రులు, మూడోనాడు బెయిలు. ఆ జింకల కోసం పట్టుబట్టి నిలబడింది ఊళ్ళోని బిష్ణోయీలు. వాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఉచ్చుతో కుందేలును పట్టి దొరికిపోయిన పేదవాడికి ఇరవై ఏళ్ళు వాదించే వకీలు ఎక్కడ దొరుకుతాడు?

అదే సంవత్సరం మనకు ఇంకా దగ్గరలో, ఆదిలాబాదు దాటి పెయిన్‌గంగకు అవతల, యవత్‌మాల్ జిల్లాలో అవని అనే ఆడపులి వ్యవహారం నడిచింది. రెండేళ్ళలో పదమూడుమందిని చంపిందని దాని మీద అభియోగం. దాన్ని పట్టడానికి ఏనుగులొచ్చాయి, కుక్కలొచ్చాయి, మగవాళ్ళు పూసుకునే విదేశీ సెంటు కూడా వచ్చింది. ఆ వాసనకు పులి వస్తుందని ఆశ. చివరకు 2018 నవంబరు 2 రాత్రి హైదరాబాదు వేటగాడు నవాబ్ షఫత్ అలీ ఖాన్ కుమారుడు అస్గర్ అలీ ఖాన్ దాన్ని కాల్చాడు. దేశమంతా గగ్గోలు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు దుమ్మెత్తిపోశారు. కాల్చినవారి పేరు అందరికీ తెలిసింది. పులికి పెట్టిన పేరు అందరికీ తెలిసింది. చచ్చిపోయిన ఆ పదమూడుమంది కూలీలూ, రైతులూ, పశువుల కాపర్లూ అయిన మనుషుల పేర్లు? పత్రికలు చదివే నాకే ఒక్కటీ జ్ఞాపకం లేదు. ఇది ఎవరి తప్పో నేను వేరే చెప్పనక్కరలేదు.

మళ్ళీ మక్కచేనులోకి వద్దాం. పంటకు చేటు చేసే పందిని చంపడానికి దారే లేదా అంటే, వున్నది. రైతు అర్జీ పెట్టుకోవాలి, అధికారులు విచారించాలి, అనుమతి పొందిన తుపాకి వాళ్ళు రావాలి. ఈ కాగితాలన్నీ కదిలేలోగా కంకి గింజ కడుతుంది. పంది ఆలోగానే భోంచేసి పోతుంది. అందుకే కొందరు రైతులు తెగించి చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెడుతున్నారు. దాని ఫలితం ఏటా పత్రికల్లో చూస్తున్నాం. పొద్దున్నే నీళ్ళు కట్టడానికి పోయిన పక్క చేనువాడు, పందులకు పెట్టిన తీగ తగిలి పోయాడు. ఒక్కొక్కసారి పెట్టినవాడే మరిచి తానే తగులుకున్నాడు. వానాకాలం, తడి నేల, చీకటి. ఇంతకంటే ఘోరమైన ఉచ్చు ఏ వేటగాడూ ఏ కాలంలోనూ పెట్టలేదు.

"మీరెప్పుడన్నా తీగ పెట్టారా తాతా?" అని అడిగాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "పెట్టుమన్నోళ్ళున్నరు. ఆ తీగకు పంది ఎవరో, మనిషి ఎవరో ఎర్క వుంటదా బిడ్డా? మక్క బోతె మళ్ళేసుకుంట."

మన పురాణాల్లో రాజుల వేటలు చూడండి. దశరథుడు శబ్దం విని బాణం వేస్తే శ్రవణకుమారుడు కూలాడు. పాండురాజు జింకల జంటను కొడితే శాపం తగిలింది. సరదా వేట శాపంతోనే ముగిసింది. వేటగాళ్ళలో మనం గుడి కట్టి మొక్కుతున్నది ఒక్కడికే. అతను రాజు కాడు, బోయపిల్లవాడు, తిన్నడు. పందిని తరుముకుంటూ పోయి శివలింగాన్ని చూశాడంటారు. ధూర్జటి అతని కథను కాళహస్తి మాహాత్మ్యంలో చెప్పాడు. కన్నప్ప అయింది చంపినందుకు కాదు, తన కళ్ళు తీసి ఇచ్చినందుకు. వేటగాడిని కొలవడానికి మన జనం ఎంచుకున్న తూకం అది. ఎన్ని కొట్టాడని అడగలేదు. ఏమి కాపాడాడని అడిగారు.

తెల్లవారుజామున చెరుకులో అలికిడి అయింది. ముసలాయన టార్చి వేసి, డబ్బా కొట్టి, మైకును మించిన గొంతుతో కేక వేశాడు. నల్లటి నీడలు నాలుగైదు గట్టు దాటి మళ్ళీ చెరుకులోకి పోయాయి. పడమటి మూల నాలుగు సాళ్ళు అప్పటికే పోయాయి. మిగతా చేను నిలిచింది. ఇదే ఆనాటి వేట. చచ్చిన జంతువు లేదు, గోడకు తగిలించేందుకు తల లేదు.

వెలుగు వచ్చాక నేను ఫోను తీసి, మంచె పక్కన ఆయనను నిలబెట్టి ఫోటో తీయబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నన్నెందుకు దీస్తవు బిడ్డా? నేనేమన్న పులిని జంపిన్నా?"

తరువాత నిచ్చెన దిగి, విరిగిన మక్క దగ్గరికి నడిచాడు.

"తీస్తే గిది దియ్యి. అర్జీకి ఫోటో పెట్టుమన్నరు."

తీసి ఇచ్చాను. నేల మీద పరుచుకున్న నాలుగు సాళ్ళ మక్క, నడుమ పంది గిట్టల గుర్తులు, ఒక మూల పూలచీరె కొంగు. ముసలాయన అందులో లేడు.